రంగూన్ నుంచి వచ్చిన కొడుకు

ధర్మవరంలో ఆ పొద్దు కూడా మగ్గాల చప్పుడుతోనే తెల్లవారింది. ఓబులమ్మ వాకిట్లో కూర్చుని పట్టునూలు కండెలకు చుడుతుండగా, హైదరాబాదు పోయిన తమ్ముడు నల్లప్ప సంచీ భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు. వాడి ముఖం చూడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

“కొట్టేసినారక్కా. హైకోర్టులో మన అర్జీ నిలబడలేదు. బావ ఈ దేశపోనికి పుట్టినాడని రుజువు లేదంట. మద్రాసులో ఓడెక్కించి బర్మాకు పంపుతారంట.”

ఓబులమ్మ మొగుడు ఈరన్న, రంగూన్ నుంచి తెలుగువాళ్లను వెళ్లగొట్టిన ఏడాది తల్లి చెయ్యి పట్టుకుని ఈ ఇంటికి వచ్చాడు. తండ్రి అక్కడే పోయాడు. తల్లి కాగితాల్లో పిల్లవాడి పేరు లేదు. కొన్నేళ్లకు ఆమె కూడా పోతే, పెదనాయన జయరామయ్య పెంచి, మగ్గం నేర్పి, పెళ్లి చేశాడు. నిరుడు ఎవరో పితూరీ చెప్పడంతో పోలీసులు ఈరన్నను పరదేశి అని పట్టుకుపోయి అనంతపురం జైల్లో పెట్టారు. “వీడు నా తమ్మునికి పుట్టినవాడే” అని జయరామయ్య కోర్టులో ప్రమాణం చేస్తే చాలని వకీలు ఎన్నిసార్లో కబురు పంపాడు. ఆయన మాత్రం ఒంట్లో బాగాలేదని కదల్లేదు.

ఓబులమ్మ కండె పక్కకు విసిరి లోపలికి పోయింది. జయరామయ్య మగ్గం ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు.

“వింటివా మామా? ఒక్క మాట చెప్పలేకపోతివే! తమ్ముని కొడుకని ఒప్పుకుంటే ఇంట్లో సగం పాలు పోతుందనే కదా నీ భయం?”

“ఆయన్ను అనొద్దు ఓబులా!” అంటూ అత్త కన్యకమ్మ పొయ్యి దగ్గర్నుంచి పరుగున వచ్చింది. “నువ్వనుకునేది కాదు.”

“చెప్పొద్దే,” అన్నాడు జయరామయ్య.

“ఇంకెప్పుడు చెప్పేది, పిల్లోడే పోతాంటే?” “ఈరన్న మా మరిదికి పుట్టినోడు కాదమ్మా. రంగూన్ రేవులో దిక్కులేక ఏడుస్తాంటే మా తోడికోడలు ఎత్తుకొచ్చింది.”

జయరామయ్య తల ఎత్తలేదు. “దేవుని మీద ప్రమాణం చేసి, చచ్చిపోయిన తమ్ముని పేరున అబద్ధం ఆడలేకపోతిని. నిజం చెబితే వానికి ఆ అమ్మానాయనా కూడా లేకుండా పోతారు. ఏం చేయల్లో తెలీక పడుకుంటి.”

ఓబులమ్మ పోయి మగ్గం పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి పట్టుకుంది. “పొద్దున్నే ఎంత మాటంటి మామా! మనసులో పెట్టుకోవద్దు. లే, జైలుకు పోయి ఆయన్ను చూసొద్దాం.”

జైలు ఊచల అవతల ఈరన్న చిక్కి సగమయ్యాడు. “నాయనా, నేను...” అని జయరామయ్య ఆగిపోయాడు.

“నాకు తెలుసు పెదనాయనా. అమ్మ పోయేటప్పుడే చెప్పింది. నువ్వు కోర్టుకు రాకుంటే మంచిదే అనుకుంటి. నాకోసం నువ్వు అబద్ధం ఆడింటే నేను తట్టుకోలేకపోదును.”

జయరామయ్య ఊచల్లోంచి చేతులు పోనిచ్చి ఈరన్న ముఖం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఓబులమ్మ కొంగుతో ఆయన కళ్లు తుడిచి మొగుని వైపు తిరిగింది.

“ఆ ఓడ యాడికి పోతే నేనూ ఆడికే వస్తా.”

వద్దని ఈరన్న తల అడ్డంగా ఊపాడు.

“రానీ నాయనా,” అన్నాడు జయరామయ్య. “ఆడ నీ మనిషని ఒకరుండల్ల కదా.”