ఫిబ్రవరి మూడు ఎవరి సొత్తు?

"ఉడుతల్ని ఎవరు చెరిపేశారు?"

సింగపూర్ చాంగీ బిజినెస్ పార్క్‌లోని ఆ ఆఫీసు ప్యాంట్రీలో వసుంధర గొంతు ఖంగుమంది. కాఫీ మెషీన్ దగ్గరున్నవాళ్లంతా ఒక్కసారిగా తమ కప్పుల్లోకి చూసుకున్నారు.

వైట్‌బోర్డు ముందు ఒక పొడుగాటి మనిషి మార్కర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఉద్యోగంలో చేరి మూడు రోజులే అయింది. బోర్డు నిండా సర్వర్ల బొమ్మలు, బాణాలు.

"మీరు తెలుగా?" అన్నాడు, ముఖమంతా వెలిగిపోతూ.

కోపంలో తెలుగులోనే అరిచేశానని వసుంధరకు అప్పుడు తెలిసింది. "అది తర్వాత. నేను రాసింది ఏమైంది?"

"జనవరి ఇరవై ఒకటి. ఉడుతల్ని మెచ్చుకునే దినం, కౌగిలింతల దినం. అదేనా? ఎవరో మజాక్ కి రాసిన్రనుకున్న."

"మజాక్ కాదు. ప్రతి రోజుకీ ఎవరో ఒకరు ఇలాంటి పండగ పెట్టి ఉంచారు. వెతికి రోజూ నేనే రాస్తాను. రెండేళ్ల నుంచి ఆ బోర్డు ఎవరూ ముట్టుకోలేదు."

"సారీ అండి. ఇంతకీ మీ కోపం ఉడుతల కోసమా, కౌగిలింతల కోసమా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వసుంధర అతని చేతిలోంచి మార్కర్ లాక్కుని, రెండు సర్వర్ల మధ్య కుచ్చుతోక ఉడుతను గీసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

అతని పేరు పెద్దయ్య. సూర్యాపేట. తాత పేరు పెట్టారు. "పీడీ అని పిలవొచ్చా?" అని మేనేజర్ అడిగితే, "నో సర్, పెద్దయ్య. మూడే అక్షరాలు, ట్రై చేయండి" అన్నాడట. ఆ మాట విన్నాక వసుంధర కోపం సగం తగ్గింది. మర్నాడు ఆమెకంటే ముందే వచ్చి, తన బొమ్మలన్నీ తుడిచేసి, ఉడుతను మాత్రం ఉంచడం చూశాక మిగతా సగమూ పోయింది. ఆ పైన రోజూ బోర్డు దగ్గరే కబుర్లు. ఏ రోజుది వెర్రి పండగో, ఏ రోజుది మరీ వెర్రి పండగో తేలేసరికి టీ చల్లారిపోయేది.

జనవరి అయిపోయింది. ఫిబ్రవరి రెండు రాత్రి భోజనాల దగ్గర తల్లి భానుమతి అడిగింది. "రేపటికి లీవ్ పెట్టావుగా?"

చోవా చూ కాంగ్ ఫ్లాట్‌లో ఉండేది తల్లీ కూతుళ్లిద్దరే.

"లేదమ్మా. ఆఫీసుకి వెళ్తున్నాను."

"వద్దే. ఆ రోజు మనకి అచ్చిరాదు."

"అచ్చిరానిది ఆ మనిషి. రోజేం చేసిందమ్మా?"

మూడేళ్ల కిందట ఫిబ్రవరి మూడున వసుంధర నిశ్చితార్థం. లిటిల్ ఇండియాలో హాలు, నూట ఇరవై మంది చుట్టాలు, స్నేహితులు. పెళ్లికొడుకు రాలేదు. "నాకు ఇంకా టైమ్ కావాలి" అని ఒక మెసేజ్ పెట్టి ఫోన్ ఆపేశాడు. అప్పటి నుంచి ఆ తేదీ వస్తే భానుమతి తెరలు దించేసేది, పొయ్యి వెలిగించేది కాదు, గడప లోపలికి ఎవర్నీ రానిచ్చేది కాదు. మొదటి ఏడాది ఆ చీకటి గదిలో పడుకుని, ఈ రోజు ప్రపంచంలో ఇంకేమైనా జరుగుతోందా అని వసుంధర ఫోన్‌లో వెతికింది. క్యారెట్ కేక్ దినం. పక్షులకు మేత వేసే దినం. ఎక్కడో ఎవరో ఇదే రోజు కేకు కోసుకుంటున్నారు! దిండులో ముఖం దాచుకుని నవ్వింది. మర్నాడే బోర్డు మొదలుపెట్టింది.

ఈసారి ఆ రెండు పేర్లూ ఆఫీసు బోర్డు మీద పెద్దక్షరాలతో రాసింది. లంచ్ టైమ్‌కి పెద్దయ్య హాకర్ సెంటర్‌లోని తిండి దుకాణం నుంచి ఒక పొట్లం పట్టుకొచ్చాడు.

"క్యారెట్ కేక్ తెచ్చిన. కానీ క్యారెట్ లేదు, కేకూ కాదు! అడిగితే ఆ అంకుల్ 'క్యారెట్ వేర్ గాట్? ర్యాడిష్ లా!' అని నన్నే కసిరిండు. ముల్లంగట!"

"ఇక్కడ అంతే. దాని పేరే అది."

"సరే, పక్షులకన్నా గింజలేద్దాం పా."

"పావురాలకి వేస్తే ఫైన్ వేస్తారు."

"ఒకటి దొరకదు, ఇంకోటి చెయ్యనియ్యరు. మంచి పండగే రాసిన్రు!"

వసుంధర పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని ఆ రోజు కథంతా చెప్పేసింది. అతను అయ్యో అనలేదు.

"ఆ రోజు మీరేం తిన్నరు?"

"ఏమీ తినలేదు. నూట ఇరవై మంది భోజనం అలాగే ఉండిపోయింది."

"అయితే ఇయ్యాల తినుండ్రి." పొట్లం ఆమె వైపు జరిపాడు. ఆమె ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాక అన్నాడు. "మిమ్మల్ని ఒకటి అడుగుదామనుకున్న. ఇంకో రోజు అడుగుత."

"ఏం, ఈ రోజుకేం తక్కువ? అడగండి."

"మీరంటే నాకు ఇష్టం. మా అమ్మకు చెప్పాల్నా వద్దా?"

వసుంధర ముల్లంగి ముక్క నమిలి మింగింది. "ముందు మా అమ్మకి చెప్పాలి. సాయంత్రం ఇంటికి రండి."

"ఇయ్యాల్నా? మీ ఇంట్ల ఎవర్నీ రానియ్యరని ఇప్పుడే చెప్తిరి కదా!"

"అందుకే ఇవాళే."

జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారేటప్పుడు బయట వాన దంచికొడుతోంది. అక్కడ వసుంధర కాళ్లు ఆగిపోయాయి. "భయమైతే రేపు పోదాం" అన్నాడు పెద్దయ్య. ఆమె అతని చెయ్యి పట్టుకుని రైలెక్కింది. దిగేదాకా వదల్లేదు.

తలుపు తీసిన భానుమతి ముఖం పాలిపోయింది. "ఇవాళా? వసూ, ఇవాళే తేవాలా? ఈ రోజు సంగతి తెలిసి కూడా..."

"తెలిసే తెచ్చానమ్మా. ఈయన పెద్దయ్య. నాకు ఇష్టం. ఎవడో రాలేదని ఈ తేదీ వాడికి రాసిచ్చేస్తామా? ఇది నాది కూడా."

"నీకేం తెలుసే! ఆ సంబంధం తెచ్చింది నేను. నువ్వు ఆలోచిద్దామంటే తొందరపెట్టింది నేను. ఈ రోజు వస్తే నీ ముఖం చూడలేకే తెరలు దించుకుంటున్నాను."

మూడేళ్లుగా ఆ చీకటి తన కోసమే అనుకుంది వసుంధర. ముందుకెళ్లి తల్లిని గట్టిగా వాటేసుకుంది. "నీ మీద నాకెప్పుడూ కోపం లేదమ్మా. ఒట్టు."

గుమ్మంలో నీళ్లోడుతూ నిలబడ్డ పెద్దయ్య మెల్లగా అన్నాడు. "ఆంటీ, నేను తప్పకుండ వచ్చేటోణ్నే. చూడుండ్రి, వానల కూడా వచ్చిన."

భానుమతి అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. కొంగుతో కళ్లొత్తుకుని, "తల తుడుచుకో బాబూ, జలుబు చేస్తుంది" అంటూ తువ్వాలు అందించి వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి నూనెలో ఆవాలు చిటపటమన్నాయి.

"ఉప్మా చేస్తున్నాను, ఇద్దరూ కూర్చోండి!" లోపల్నుంచి గొంతు వినిపించింది. "ఇవి పెళ్లిచూపులని మాత్రం అనుకోవద్దు!"

"అనుకుంటే ఏం చేస్తావ్?" అరిచింది వసుంధర.

లోపల గరిటె ఆగింది.

"జీడిపప్పు ఇంకాస్త వేస్తాను."