పది లెక్కపెట్టే దాకా

ఆదివారం పొద్దున్న ఆరున్నరకే దేశ రాజధానిలో, జియా సరాయ్ గల్లీలో నీళ్ళ మోటార్లు రొద మొదలుపెట్టాయి. రెండో అంతస్తులో, రెండే గదులున్న ఆ ఇంట్లో తాయారమ్మ ఇడ్లీ రేకులు దించి పక్కన పెట్టింది. చుట్టుపక్కల గదుల్లో ఉండి కోచింగులకి వెళ్ళే తెలుగు విద్యార్థులు తొమ్మిదిమందికి పొద్దున్న టిఫిను, సాయంత్రం భోజనం ఆమె చేతి మీదుగానే. వాళ్ళంతా ఆమెను అమ్మమ్మా అంటారు. అదే ఆ ఇంటి బతుకుతెరువు.

"వాట్ ఆర్ యూ డూయింగ్?" వెనకనుంచి కోడలు సునంద అడిగింది.

తాయారమ్మ మాట్లాడలేదు. రోజూ ఆరున్నర నుంచి ఏడున్నర దాకా ఆ ఇంట్లో తెలుగు మాట వినపడకూడదని సునంద పెట్టిన నియమం. పన్నెండు వారాలుగా శనాదివారాలు ఆమె పెద్దవాళ్ళకి ఇంగ్లీషు నేర్పే శిక్షణకి వెళుతోంది. చిన్నపిల్లలకి చెప్పడం వేరు, పెద్దవాళ్ళకి చెప్పడం వేరట. పెద్దవాళ్ళకి సిగ్గెక్కువ, తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని నోరు కట్టేసుకుంటారు. శిక్షణలో ప్రతివాళ్ళూ ఇంగ్లీషు రాని మనిషినొకరిని ఎంచుకుని, మొదట్లో ఆ మనిషి మాటలు టేపులో పట్టి, ఆఖర్న మళ్ళీ పట్టి, వచ్చిన మార్పేమిటో రాసివ్వాలి. సునంద అత్తగారిని ఎంచుకుంది.

ప్రశ్న అడిగాక పది లెక్కపెట్టేదాకా నేర్పేవాళ్ళు నోరు విప్పకూడదు. మాట అందించకూడదు. సునంద ఒక్కొక్క వేలూ ముడుస్తూ, అత్తగారి మొహంలోకే చూస్తూ కాచుకునేది. తాయారమ్మకి అరవై నాలుగేళ్ళు. ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. భర్త "తెలుసులే" అనేసేవాడు. కొడుకు మనోహర్ సగం మాట వినకుండానే "సరే అమ్మా" అని మెట్లు దిగేసేవాడు. అందుకే ఆ గంటంటే ఆమెకి ప్రాణం. ఎనిమిది రోజుల కిందటి దాకా.

"నాకు రావట్లేదమ్మా," అంది తెలుగులో.

"నిన్నమొన్నటి దాకా గడగడా చెప్పారుగా! ఇవాళ మేడమ్ దగ్గరికి వెళుతున్నాం, భయపడుతున్నారా?" సునంద తన నియమం తనే మరిచి నవ్వింది. "భయమేం లేదు. మీ ఇంటి గురించి అడుగుతారంతే. రెండు గదులు, ఒక కిటికీ, ఒక కోడలు."

తాయారమ్మ చట్నీ గిన్నె వైపు తిరిగింది.

ఆమె బడికి పోయిన మనిషి కాదు. కొవ్వూరులో పెళ్ళికి ముందు, సినిమా హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకాలు కొనుక్కుని, నోటికొచ్చిన పాటలో మాటల్ని అచ్చులో అక్షరాలతో పోల్చుకుని చదవడం నేర్చుకుంది. కొత్తగా కాపురానికి వచ్చాక, ఒకరిచేత చదివించుకోకుండా తనంతట తాను చదువుకున్న మొదటి కార్డు పుట్టింటినుంచి వచ్చింది. అందులో తల్లి పోయిన కబురుంది. చదువు రాకపోతే ఇంకో పూట అమ్మ బతికి ఉండేదని ఆమెకి చాలాకాలం అనిపించేది.

ఎనిమిది రోజుల కిందట బల్ల తుడుస్తుంటే సునంద పేరిట వచ్చిన ఇంగ్లీషు ఉత్తరం కనిపించింది. కొత్త విద్య కదా, సరదాకి కూడబలుక్కుంది. మస్కట్. పెద్దవాళ్ళకి చదువు చెప్పే కాలేజీలో ఉద్యోగం. సెప్టెంబరు ఒకటి. రెండేళ్ళు. సర్టిఫికెట్ తప్పనిసరి. చివరి పేరాలో వీసా ఉద్యోగికి మాత్రమేనని ఉంది. గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

ఆ రాత్రే ఆమె తేల్చుకుంది. శిష్యురాలికి రాకపోతే గురువు ప్యాసవదు. గురువు ప్యాసవకపోతే ఎక్కడికీ పోదు.

శిక్షణ ఇచ్చే ఖన్నా మేడమ్‌కి జుట్టంతా తెల్లగా ఉంది, గొంతు మెత్తగా ఉంది. టేపురికార్డరు మీట నొక్కి, "టెల్ మీ అబౌట్ యువర్ హోమ్," అంది.

మాటలన్నీ గొంతులో వరస కట్టి నిలబడ్డాయి. తాయారమ్మ వాటిని మింగేసింది. బల్ల కింద సునంద వేళ్ళు ముడుచుకుంటున్నాయి. పది అయింది. మేడమ్ మళ్ళీ అడిగింది. మళ్ళీ పది. టేపు తిరుగుతున్న చప్పుడొక్కటే గదిలో.

"ఐ డోంట్ నో," అంది తాయారమ్మ.

మేడమ్ మీట ఆపి సునందకేసి తిరిగి మెల్లగా ఇంగ్లీషులో చెప్పింది. ఇంకొక్క ఆదివారం ఇస్తాను, అప్పటికీ ఇంతే అయితే ఈసారికి సర్టిఫికెట్ రాదు, నువ్వు రాసిన మార్పులేవీ ఈవిడలో కనిపించడం లేదు. తాయారమ్మకి ప్రతి మాటా అర్థమైంది. అర్థం కానట్టు పైట సర్దుకుంది.

ఆటోలో వడగాలి మొహాన కొడుతోంది. కోడలు తిడుతుందని తాయారమ్మ ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది.

"ఎండ తగులుతోందా అత్తయ్యా? ఇటు జరగండి," అంది సునంద. తన చున్నీ తీసి అత్తగారి తలమీద కప్పింది.

ఎదురు గదిలో ఉండే మిజోరం అమ్మాయి జువాలీకి ముందురోజునుంచి జ్వరం. ఆ పిల్లకి హిందీ అంతంతమాత్రం, తెలుగు అసలే రాదు. ఇంటికి రాగానే సునంద ఆమెకి మాత్రలు కొనడానికి మళ్ళీ కిందికి దిగింది. తాయారమ్మ జావ కాచి, గ్లాసు పట్టుకుని ఎదురు గదికి వెళ్ళింది.

మాత్రలతో మెట్లెక్కి వస్తున్న సునందకి తలుపు ఇవతలికి ఒక గొంతు వినిపించింది. తొందరలేని గొంతు, తడబాటు లేని గొంతు.

"సిట్ అప్, మై చైల్డ్. డ్రింక్ స్లోలీ. ఇట్ ఈజ్ హాట్."

జువాలీ ఏదో ఏడుస్తూ అంది.

"ఐ నో. యువర్ మదర్ ఈజ్ ఫార్. మై సన్ ఈజ్ ఆల్సో ఫార్. హీ విల్ నాట్ కమ్. బట్ యూ విల్ గో హోమ్. డోంట్ క్రై."

సునంద గుమ్మంలో నిలబడిపోయింది. తాయారమ్మ తలెత్తి చూసింది.

"అత్తయ్యా," అంది సునంద, మాత్రలు జువాలీ చేతిలో పెట్టి. "ఒకసారి ఇంట్లోకి రండి."

తలుపు వేసేదాకా సునంద ఆగింది. ఆ తర్వాత ఆగలేదు.

"పన్నెండు వారాలండీ! తెల్లారి లేచి మీ ఎదురుగా కూర్చున్నాను. కేలెండర్ల వెనక బొమ్మలు గీశాను. ఆవిడ ముందు నన్ను అబద్ధాలకోరుని చేసేశారు!"

"నువ్వు అబద్ధాలకోరువి కాదు."

"మరెందుకు అత్తయ్యా? నేనేం చేశాను మీకు?"

"నీకా కాయితం చేతికొస్తే మస్కట్ వెళ్ళిపోతావు గనక!" అంది తాయారమ్మ.

సునంద అత్తగారి మొహంలోకి చూసింది. "మీకు తెలుసా?"

"నువ్వే చెప్పావు. అక్షరం అక్షరం నాకు నేర్పి, ఆ ఉత్తరం బల్లమీద పడేసి పోయావు. చదువుకున్నాను. నా చదువెప్పుడూ ఇంతే. వచ్చినప్పుడల్లా ఎవర్నో ఒకర్ని తీసుకుపోతుంది."

"రెండేళ్ళేగా అత్తయ్యా..."

"వాడూ 'అరగంటలో వస్తానమ్మా' అనే వెళ్ళాడు!"

తలుపు పక్కన మేకుకి హెల్మెట్టు వేలాడుతోంది. మూడేళ్ళ కిందట మనోహర్ పెరుగు ప్యాకెట్టు కోసం స్కూటరేసుకుని, ఇక్కడిదాకేగా అని, పెట్టుకోకుండా వెళ్ళింది అదే. దానిమీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

"ఆయన మీ ఒక్కరికే పోయాడా?" సునంద మెల్లగా అంది. "నాకు ముప్పై నాలుగేళ్ళు. మూడేళ్ళుగా దానికి ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాను. తీసేద్దామా అని మీతో అనలేను, చూడకుండా ముద్ద మింగలేను. మీరు నన్నేమీ అనలేదు, కన్నకూతురిలాగే చూసుకున్నారు. కానీ ఈ గదుల్లో నాకు ఊపిరాడట్లేదు అత్తయ్యా. ఎవరికీ నేను 'పాపం మనోహర్ భార్య'ను కాని చోట కొన్నాళ్ళుంటే చాలనిపిస్తోంది."

తాయారమ్మ చాపమీద కూలబడింది. "ఆ ఉత్తరమైనా దాచి ఉండొచ్చుగా తల్లీ. నా కంట పడకుండా."

"కావాలనే పెట్టాను," అంది సునంద. కళ్ళు తుడుచుకోలేదు. "తెలుగులో చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. రాలేదు. మీరే చదివి, మీరే అడుగుతారని చూశాను. ఎనిమిది రోజులూ చూశాను."

కూలరు గరగరలాడుతోంది. ఎనిమిది రోజులు ఒకే గిన్నెలోంచి చట్నీ వడ్డించుకుంటూ, ఒకరి మాట కోసం ఒకరు కాచుకుని ఉన్నారన్నమాట. తాయారమ్మకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

సునంద వచ్చి ఎదురుగా కూర్చుంది. "మీరు వద్దంటే వెళ్ళను. అమ్మతోడు, మళ్ళీ ఆ ఊసెత్తను. ఒక్క మాట చెప్పండి."

అని ఊరుకుంది. అలవాటుకొద్దీ ఒడిలో ఆమె చిటికెన వేలు ముడుచుకుంది.

వద్దు అన్న మాట తాయారమ్మ నాలుక కొసదాకా వచ్చింది. చిన్న మాట. అది అంటే చాలు, రేపు ఆరున్నరకి, ఎల్లుండి ఆరున్నరకి, ఈ పిల్ల ఇక్కడే ఉంటుంది. ఆ హెల్మెట్టుకి ఎదురుగా అన్నం తింటూ. ముడుచుకుంటున్న ఆ వేళ్ళ వంక చూసింది. నాలుగు, అయిదు. తను మాట్లాడేదాకా ఈ లోకంలో ఆగిన మనిషి ఇదొక్కతే. దాని నోరు తను కట్టేస్తుందా?

పది కాకముందే లేచింది. మేకు దగ్గరికి వెళ్ళి హెల్మెట్టు తీసింది. లోపలి మెత్తకి ఇంకా కొబ్బరినూనె వాసన అంటుకునే ఉంది. చెంగుతో దుమ్ము తుడిచి, కాసేపు గుండెకి అదుముకుని, ట్రంకుపెట్టెలో కొడుకు చొక్కాల మధ్య పెట్టి మూత వేసింది. గోడమీద దాని ఆకారంలో తెల్లటి మచ్చ మిగిలింది.

"వచ్చే ఆదివారం ఎన్నింటికి వెళ్ళాలి?" అంది, వెనక్కి తిరగకుండా.

"అత్తయ్యా..."

"గుర్గావ్‌లో మా చెల్లెలు సీతారత్నం దగ్గరికి వెళ్ళమని మాత్రం అనకు. ఆ పన్నెండో అంతస్తులోంచి చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. అయినా ఈ తొమ్మిదిమందికి టిఫిను ఎవరు పెడతారు? ఎదురుగా ఆ జువాలీ ఉంది. అది నాకు మాట్లాడే తోడు."

సునంద వచ్చి ఆమె భుజంమీద తల ఆన్చింది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. మూడేళ్ళ నాడు ఎవరి మూల వాళ్ళు ఏడ్చారు కానీ, కలిసి ఏడవలేదు.

మరుసటి ఆదివారం ఖన్నా మేడమ్ మీట నొక్కింది. "టెల్ మీ అబౌట్ యువర్ ఫ్యామిలీ."

తాయారమ్మ చేతులు ఒడిలో పెట్టుకుంది.

"మై సన్ మనోహర్ ఈజ్ నో మోర్. సునంద ఈజ్ మై డాటర్-ఇన్-లా. షీ ఈజ్ మై టీచర్. ఇన్ సెప్టెంబర్ షీ విల్ గో టు మస్కట్." ఇక్కడ ఆగింది. ఎవరూ మాట అందించలేదు. "ఐ విల్ క్రై. బట్ షీ మస్ట్ గో."

మేడమ్ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. తర్వాత సునందకేసి తిరిగి, నీ శిష్యురాలి గురించి నువ్వేమంటావని ఇంగ్లీషులో అడిగింది. సునంద నోరు తెరిచింది. మాట రాలేదు. పోనీలే అన్నట్టు మేడమ్ తనే ఏదో అనబోయింది.

తాయారమ్మ చెయ్యెత్తింది.

"మేడమ్, ప్లీజ్ వెయిట్. షీ విల్ టెల్."

టేపు తిరుగుతూనే ఉంది. తాయారమ్మ కోడలి మొహంలోకి చూస్తూ బల్ల కింద చిటికెన వేలు ముడిచింది. వన్, టూ, త్రీ అనుకుంటూ లోపలే లెక్కపెట్టింది. పది అయింది. సునంద గొంతు పెగల్లేదు.

తాయారమ్మ మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.