దుమ్ము పట్టని ఇల్లు

పొదిలి చివర వరసగా కట్టిన ఆరు డ్యూప్లెక్స్ ఇళ్ళలో ఆఖరిది అమ్మకానికి వచ్చింది. పెరడు లేదు, చెట్టు లేదు. కింద హాలూ వంటిల్లూ, పైన రెండు గదులు, గోడలకు సగం ఎత్తు దాకా టైల్స్.

"దీనికి మెయింటెనెన్స్ అంటూ ఏమీ ఉండదు టీచరు గారూ," అన్నాడు బ్రోకరు కోటేష్. గేటు దగ్గర్నుంచి ఆ మాట అనడం అది నాలుగోసారి.

రెబ్కా టీచరు ఒక పట్టాన ఎవరి మాటా నమ్మే మనిషి కాదు. బెంచీ తుడిచామని పిల్లలు చెప్తే వేలితో రాసి చూసే రకం. ఇక్కడా కిటికీ గట్టు మీద వేలు పెట్టి రాసింది. ఏమీ అంటలేదు.

"ఎన్నాళ్ళ నుంచి తాళం వేసుంది?"

"రెండేళ్ళు దాటిందండి."

"మరి ఊడ్చేదెవరు?"

"ఎవరూ ఊడ్వరండి. నేను చెప్పేదీ అదే గదా."

మార్చి నెల. బయట రోడ్డు మీద మిరప బస్తాల లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆ ఘాటుకి వీధిలో కుక్కలు కూడా తుమ్ముతున్నాయి. గుమ్మం దాటగానే మాత్రం ఘాటు లేదు. అప్పుడే తడిగుడ్డ పెట్టిన నేల వాసన వస్తోంది. రెబ్కాకి అది బొత్తిగా నచ్చలేదు. వీళ్ళ అడుగుల చప్పుడు విని ఎవరో పని ఆపి పక్కకు తప్పుకున్నట్టుంది.

కానీ ఇల్లు కావాలి. ఏడేళ్ళ కూతురు ఫెబాకి ఆయాసం. పల్లెలో వాళ్ళు అద్దెకుంటున్న ఇల్లు మిరప కల్లాల మధ్యన ఉంది. కోతలు మొదలైతే పిల్ల దగ్గీ దగ్గీ నీలంగా అయిపోతుంది. దుమ్ము లేని చోటికి మార్చకపోతే పిల్ల దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

కోటేష్‌కి ఫోనొచ్చి బయటికి వెళ్ళాడు.

"ప్రార్థన చేసి అడుగుదాం," అన్నాడు భర్త జయపాల్. ఏ పనికైనా ముందు మోకరించడం వాళ్ళింటి అలవాటు. ముగ్గురూ హాల్లో మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. మధ్యలో కళ్ళు తెరవకూడదని ఫెబాకి నేర్పింది రెబ్కాయే.

రెబ్కా పైకే ప్రార్థించింది. పక్కన ఫెబా దగ్గుతూనే ఉంది.

అప్పుడు మొదలైంది పైన... చీపురు చప్పుడు.

గది ఊడ్చినట్టు. తర్వాత వసారా. తర్వాత మెట్లు. ఒక మెట్టు... ఆగి, ఇంకో మెట్టు...

రెబ్కా కళ్ళు తెరవలేదు. గొంతు పెంచింది. "ఈ ఇల్లు మాదే అయితే గుర్తు చూపించు. నా బిడ్డ దగ్గు ఇక్కడే ఆపేయి."

చీపురు ఆగింది. చాలా దగ్గరగా.

"ఆమేన్," అన్నాడు జయపాల్.

"ఆమేన్," అంది ఫెబా.

"ఆమేన్..." అంది ఇంకెవరో ముసలి గొంతుతో, మెల్లగా.

రెబ్కా కళ్ళు తెరిచింది. ఎవరూ లేరు. పక్కన ఉండాల్సిన ఫెబా మెట్ల దగ్గర నిలబడి ఉంది. చివరి మెట్టు తడిగా ఉంది.

"ఇక్కడికెందుకొచ్చావే?" గుసగుసగా అడిగి భర్త వైపు తిరిగింది. "విన్నారా మీరు?"

"ఏం వినాలి?" అన్నాడు జయపాల్. "పిల్ల దగ్గడం లేదు చూడు."

నిజమే. దగ్గడం లేదు.

రెబ్కా ఫెబా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. కోటేష్ తాళం వేస్తుంటే ఆగకుండా ఆటో ఎక్కించేసింది.

దారంతా బస్తాల లారీ ముందే పోతోంది. జయపాల్ తుమ్ముతూనే మురిసిపోతున్నాడు. "జవాబు వెంటనే వచ్చింది రెబ్కా. రేపే ఖాయం చేసుకుందాం." డ్రైవరు తువ్వాలు మొహానికి చుట్టుకున్నాడు. ఫెబా ఆటో అంచున కూర్చుని ఒక్కసారి కూడా దగ్గలేదు. రెబ్కాకి సంతోషపడాలనే ఉంది, కానీ భయమే వేస్తోంది.

ఫోను మోగింది. కోటేష్.

"టీచరు గారూ, ఏమనుకోకండి... పాప మీతోనే ఉంది గదా?"

"ఉంది. ఏం?"

"తాళం నేనే వేశానండి. లోపల పిల్ల దగ్గుతోంది. అమ్మా అని తలుపు కొడుతోంది."

రెబ్కా ఫెబా వైపు చూసింది. రెప్పల మీద ఎర్రగా మిరప దుమ్ము పేరుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పొదిలి దాటిన దగ్గర్నుంచి ఫెబా ఒక్కసారి కూడా రెప్ప వేయలేదు.