ఖాళీ హాలు కొలత

నేల కింద కట్టిన ఆ హాల్లో మిట్టమధ్యాహ్నమైనా అర్ధరాత్రిలాగే ఉంటుంది. కణాలను కొలిచే పెద్ద యంత్రం అక్కడే ఉంది. లోపల ఎంతమంది ఉన్నారో నేలలోని సెన్సర్లు లెక్కపెడతాయి. అవి ముసలివైపోయి పూటకో మాట చెబుతాయి గనక, ఎవరూ లేనప్పుడు హాలును కొలిచి, ఆ కొలత ఏ రోజు నుంచి ఏ రోజు దాకా చెల్లుతుందో కంప్యూటర్‌కి చెప్పాలి. ఆ తర్వాత కంప్యూటర్ ప్రతి లెక్కలోంచీ ఆ కొలతను తీసేస్తుంది.

పాత కొలత ఇంతకుముందు ఇక్కడే పనిచేసిన పొడుగు సారు తీసింది. చివరి తేదీ వెయ్యకుండా వదిలేశాడు గనక అది ఇప్పటికీ చెల్లుతూనే ఉంది. కొలత తీసిన రోజు నుంచే మనిషి జాడ లేదు, చెప్పాపెట్టకుండా ఉద్యోగం మానేశాడని అందరూ తిట్టుకున్నారు.

కొత్త కొలత పని మేనకోడలి మీద పడింది. కంట్రోల్ రూంలో షిఫ్టు చూసేది ఆమె మామయ్య, అందుకని అక్కడ అందరికీ ఆమె మేనకోడలే. మెట్లెక్కి పైకెళ్లి మొదలుపెట్టాల్సిన కొలతను, బద్ధకించి లోపలి నుంచే బటన్ నొక్కి మొదలుపెట్టేసింది.

కొలత అయ్యాక బయటికి పోబోతే తలుపు తెరుచుకోలేదు. లోపల మనిషి ఉన్నట్టు లెక్క చూపిస్తేనే అది తెరుచుకుంటుంది. పక్కన తెర మీద, 'లోపల ఎవరూ లేరు.'

 కొలతలో తనూ కలిసిపోయింది. యంత్రానికి ఇప్పుడు ఖాళీ హాలంటే ఆమె ఉన్న హాలే. లైట్లు ఆరిపోయాయి. కాసేపట్లో కిరణాలు వదులుతారు. వదిలాక లోపలున్న మనిషి బతకడు.

వేడెక్కిన వైర్ల వాసన. దాని వెనక ఇంకో వాసన... ఏళ్ల తరబడి పెట్టెలో మగ్గిన బట్టలది.

గోడకున్న ఫోన్ తడుముకుని అందుకుంది.

"మామయ్యా... నేను లోపలే ఉన్నా."

"ఎవరూ లేరని చూపిస్తోందే! కొలత లోపలి నుంచి తీశావా ఏంటి?"

"తిట్లు తర్వాత. కొత్తది తీసేసి పాత కొలత పెట్టు. తొందరగా!"

కీబోర్డు టకటకలు.

"హమ్మయ్య... ఒకరున్నారంటోంది. తలుపు తీస్తున్నా. రా తల్లీ."

ఆమెకు ఏడుపొచ్చేసింది. ఒక్కొక్కరినే పోనిచ్చే ఇనుప తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. ఫోన్ వదిలేసి అడుగు వేసింది...

ఆమె భుజాన్ని రాసుకుంటూ ఎవరో ముందుగా తలుపు దాటి వెళ్లిపోయారు. చల్లగా.

తలుపు మూసుకుంది.

'లోపల ఎవరూ లేరు.'

అప్పుడర్థమైంది. పొడుగు సారూ లోపలి నుంచే కొలిచాడు. పాత కొలత ఎప్పుడూ ఒక మనిషిని తీసేస్తూనే ఉంది. ఇన్నాళ్లూ అతణ్ని. ఇప్పుడు...

వేలాడుతున్న ఫోన్ అందుకుని అరిచింది. "మామయ్యా! మామయ్యా!"

అటు ఫోన్ బల్ల మీద పడి ఉన్నట్టుంది. మామయ్య గొంతు దూరంగా వినిపించింది.

"వచ్చేశావా! ప్రాణం తీశావు కదే. కూర్చో... చేతులేంటి, ఇంత చల్లగా ఉన్నాయి?"

అక్కడ అతనికి బదులు చెప్పింది అచ్చం మేనకోడలి గొంతే.

"ఏం లేదు మామయ్యా... ఇక కిరణాలు వదిలెయ్."