సాల్మన్ రాజు నొక్కని మీట

"హైమమ్మ గింజ ఏత్తారు కదా, బాబూ?" మత్తు ఎక్కబోయే ముందు గరికిన పోలమ్మ అడిగింది. విశాఖ రేవులో ఎండుచేపలు అమ్ముకునే మనిషి. పిత్తనాళంలో రాయి అడ్డం పడి కళ్లు పచ్చబడ్డాయి.

"వేస్తాలే" అన్నాడు డాక్టర్ సాల్మన్ రాజు. ఆ ప్రశ్న ఆయనకు ముల్లులా దిగింది.

ఎండోస్కోపీతో అలాంటి రాయి తీసేటప్పుడు పక్కనున్న క్లోమం రేగి వాచిపోయే ప్రమాదం ఉంది. పూర్వం వాపును అణిచే ఇండోమెథాసిన్ బిళ్లను మలద్వారంలో పెట్టేవారు. దాంతో చాలామంది గట్టెక్కేవారు, అందరూ కాదు. సాల్మన్ రాజు దగ్గరే పని నేర్చుకున్న హైమవతి ఆవగింజంత పరికరం తయారుచేసింది. నాళం మొదట్లో అమర్చి, బయట మీట నొక్కితే అది మేల్కొంటుంది. వాపు మొదలవగానే పసిగట్టి, అదే మందును అక్కడికక్కడే, కావలసినంతే వదులుతుంది. ఆరేళ్లుగా ఆ ఆసుపత్రిలో ఒక్కరికీ క్లోమం వాచలేదు. పాత బిళ్ల మూలనపడింది.

ఒకప్పుడు ఊరంతా సాల్మన్ రాజు హస్తవాసి గురించి చెప్పుకునేది. ఇప్పుడు రోగులు ఆయన ఎదుటే కూర్చుని హైమవతి పేరు తలుస్తున్నారు.

గింజను అమర్చాడు. వేలు మీట దాకా వెళ్లింది. నా చేతికి దీని కాపలా ఎందుకు అనుకున్నాడు. నొక్కలేదు.

రాయి మొండికేసింది. దాన్ని అందుకోవడానికి లోపలికి పంపిన సన్నని తీగ రెండుసార్లు దారితప్పి క్లోమనాళంలోకి పోయింది. అప్పుడైనా నొక్కవచ్చు. పళ్లు బిగించి పని పూర్తిచేశాడు.

సాయంత్రానికి పోలమ్మ పొట్ట పట్టుకుని మెలికలు తిరిగింది. నొప్పి వీపులోకి పొడుచుకుపోతోంది. కుర్ర డాక్టర్లు బిత్తరపోయారు. ఎండోస్కోపీ తర్వాత ఇలా క్లోమం వాచడాన్ని వాళ్లు పుస్తకాల్లో తప్ప చూడలేదు. సెలైన్ ఎంత వేగంగా ఎక్కించాలో, ఎప్పుడు తగ్గించాలో చేతులారా చేసి ఎరిగినవాడు ఆయనొక్కడే. పదకొండు రోజులు ఆమె మంచం పక్కనుంచి కదల్లేదు. బతికించాడు.

"నువ్వు నేకపోతే నాను బతికేదాన్ని కాదు, బాబూ" అని పోలమ్మ ఆయన చేతులు కళ్లకద్దుకుంది.

వరండాలో హైమవతి ఎదురైంది. నిద్రలేక ముఖం పీక్కుపోయి ఉంది.

"గింజ నుంచి ఒక్క సంకేతం కూడా రాలేదు సార్. మీ చేతిలో పొరపాటు జరగదు. లోపం నాదే. దాన్ని వాడే అన్ని ఆసుపత్రుల్లోనూ ఆపించేశాను. మళ్లీ బిళ్లలే వాడమన్నాను."

"హైమా, ఆ రోజు నేను..."

ఇంతలో కుర్ర డాక్టర్లు నలుగురూ వచ్చి చుట్టుముట్టారు. "సార్, ఈ జబ్బు గురించి మీరే మాకు పాఠం చెప్పాలి. పక్క ఆసుపత్రుల వాళ్లూ వస్తామంటున్నారు. ఎప్పుడు పెట్టుకుందాం సార్?"

సాల్మన్ రాజు హైమవతి వంక చూశాడు. ఆమె కూడా జవాబు కోసమే ఎదురుచూస్తోంది.

"రేపు పదింటికి" అన్నాడు.

హైమవతి ఆ టైమును తన ఫోన్‌లో రాసుకుంది.