ముసురులో ఒక ఫిర్యాదు

డబ్... డబ్... డబ్.

ముందు చప్పుడే వినిపించింది. ఏమిటో కనిపించలేదు. తరగతి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. బయట ముసురు పడుతోంది, ఈదురుగాలి వీస్తోంది. సైకిళ్ల షెడ్డు మీద ఊడిన రేకు ఒకటి లేచి పడుతోందని కాసేపటికి అర్థమైంది.

"అది రేకు కాదురా," అన్నాడు రెండో బెంచీ సుశాంత్. "బొంబాయి పండ్లు కొట్టుకుంటున్నయ్."

ఆరో తరగతి మొత్తం నవ్వింది.

లిఖిత నవ్వలేదు. ఆమె పళ్లు నిజంగానే కొట్టుకుంటున్నాయి. దవడలు బిగపట్టింది. నీలం జాకెట్ జిప్పును గడ్డం దాకా లాగింది. ఒళ్లు వణికింది చలికి కాదు, కోపానికి అని తనకు తానే చెప్పుకుంది.

లిఖిత పుట్టింది ముంబైలో, పెరిగిందీ అక్కడే; ఇంట్లో మాత్రం అమ్మానాన్నల తెలంగాణ మాటే. అక్కడ చలికాలమంటే ఫ్యాను వేగం కాస్త తగ్గించడమే. నాన్న తిరుమల్‌కు ఆదిభట్లలో కంపెనీ బస్సు నడిపే పని దొరకడంతో, దసరా సెలవులు కాగానే అందరూ ఇబ్రహీంపట్నం వచ్చేశారు.

డిసెంబరు వచ్చింది. ఎక్కడో సముద్రంలో తుపాను పుట్టింది. దాని గాలి మాత్రం దారి అడుగుతూ ఇక్కడి దాకా వచ్చింది. నల్లా నీళ్లు చేతిని కొరికాయి. పొద్దున మాట్లాడితే నోట్లోంచి పొగ వచ్చింది. ఇదేం ఊరు? ఇదేం గాలి? ఆ మాట పైకి అంటే నవ్వుతారు. నవ్వడం చాలదన్నట్టు పేరు కూడా లాక్కున్నారు. మొదటి రోజు బోర్డు ముందు నిలబడి "నా పేరు లిఖిత" అని గట్టిగా చెప్పింది. సాయంత్రానికి 'బొంబాయి' అయిపోయింది.

ఇక ఊరుకోకూడదనుకుంది.

వాన పెరిగేలా ఉందని ఆ రోజు బడి తొందరగా వదిలేశారు. పిల్లలంతా తలుపు వైపు ఉరికారు. లిఖిత ఒక్కతే మరియ టీచర్ బల్ల దగ్గరికి నడిచింది.

"టీచర్, వీళ్లు నన్ను పేరుతోని పిలుస్తలేరు. బొంబాయి అంటున్నరు. నాకు పేరు లేదా?"

టీచర్ కొంగును చెవుల చుట్టూ చుట్టుకుంటూ ఆగింది. "ఎవరెవరు?"

"అందరు. సుశాంత్ అయితే రోజు. గట్ల ఎట్ల పిలుస్తరు టీచర్? మనిషిని మనిషి లెక్క పిలవాలె గద."

"పిలవాలె," అంది టీచర్. "రేపు పొద్దున క్లాసులనే అడుగుత. పక్కోళ్లకు లేని పేరు అంటగట్టినోళ్లంత లేచి నిలబడాలె. సరేనా?"

లిఖితకు కడుపు నిండినట్టయింది. రేపు సుశాంత్ నిలబడతాడు. అందరూ తలలు వంచుకుని నిలబడతారు. తను ఒక్కతే కూర్చుని చూస్తుంది. ఆ దృశ్యాన్ని ఊహించుకుంటూ గేటు దాటింది.

ఒంటి మీది జాకెట్ బస్టాండు దగ్గర రోడ్డు పక్కన కొన్నది. నాన్నతో గొడవపడి మరీ కొనిపించుకుంది. లోపల దూది దట్టంగా కూరి, పరుపులా ఉబ్బి ఉంటుంది. అది వేసుకుంటే చలి తన జోలికి రాదని లిఖిత నమ్మకం.

సాగర్ రోడ్డు మీదికి రాగానే వాన అడ్డంగా కొట్టింది. జాకెట్ నీళ్లు తాగింది. ముందు భుజాలు తాగాయి, తరువాత చేతులు, తరువాత వీపు. బరువెక్కింది. మంచుగడ్డను మోస్తున్నట్టయింది. మూసి ఉన్న టైర్ల దుకాణం ముందు లిఖిత ముడుచుకుని నిలబడింది. వేళ్లు వంగడం లేదు. కళ్లలో నీళ్లు వచ్చాయి. వాన మీద కోపం, జాకెట్ మీద కోపం, ఈ ఊరికి తెచ్చిన నాన్న మీద కోపం.

"ఏయ్, గా జాకెట్ ఇప్పెయ్."

ఎదురుగా ఒక నల్లటి గొంగడి నిలబడి ఉంది. ఒక కొసను మడిచి నెత్తికి టోపీలా పెట్టుకుంటే, మిగిలినదంతా మోకాళ్ల దాకా వేలాడుతోంది. లోపలి నుంచి రెండు కళ్లు మెరిశాయి. తరగతిలో లిఖిత పక్కన కూర్చునే పిల్ల. వాళ్లింట్లో గొర్రెల మంద ఉంది.

"ఇప్పితే సలికి సస్త," అంది లిఖిత.

"ఇప్పకపోతేనే సస్తవ్. అది మొత్తం నీళ్లు తాగింది. తడిబట్ట కప్పుకుంటే ఎవరికన్న ఎచ్చగుంటదా?"

"నువ్వు నాకు చెప్పకు, గొంగడీ."

అలవాటుగా జారిన మాట అది. ఆ పిల్ల దగ్గరికి జరిగింది. చేయి చాపి జర్రున జిప్పు లాగింది. తడి జాకెట్ చప్పున కింద పడింది. మరుక్షణం గొంగడిలో సగం లిఖిత మీద ఉంది.

గరుకుగా ఉంది. గొర్రె వాసన వేస్తోంది. కానీ వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం మెల్లగా వెన్నుకు, మెల్లగా చేతులకు, మెల్లగా వేళ్ల చివరలకు పాకింది. బయట వాన చినుకులు గొంగడి మీద పడి జారిపోతున్నాయి.

"నీళ్లు లోపలికి రావేంది?" అడిగింది లిఖిత.

"మా తాత గట్టిగ నేసి, చింతగింజల గంజి పెట్టిండు. మస్తు వానైతే తడుస్తది. తడిసినా ఎచ్చగనే ఉంటది. నడువ్, ఇంటికాడ దింపుత."

జాకెట్‌ను చంకలో పెట్టుకుని లిఖిత నడిచింది. ఒకే గొంగడి కింద నాలుగు కాళ్లు. ఒకరి అడుగు ముందు, ఒకరి అడుగు వెనక. కాస్త దూరం పోయేసరికి అడుగులు కలిశాయి. లిఖితకు మాట వచ్చింది, మాటతో పాటు కోపమూ వచ్చింది.

"రేపు చూడు ఏమైతదో. టీచర్‌కు చెప్పిన. పేర్లు పెట్టినోళ్లంత నిలబడాలె. సుశాంత్ మొఖం చూడాలె నేను."

"మంచిదే."

"ఊకె మంచిదే అంటవేంది? నీకు కోపం రాదా? నిన్ను గూడ గొంగడి అంటరు గద."

"అంటరు."

"మరి ఎందుకు ఊకుంటవ్? గట్లనుడు ఎవరు మొదలువెట్టిండ్రు అసలు?"

నడక ఆగింది. గొంగడిలోని కళ్లు లిఖిత వైపు తిరిగాయి.

"నువ్వే గద."

గాలి ఒక్కసారి గొంగడిని లాగి వదిలింది.

లిఖితకు గుర్తొచ్చింది. దీపావళి తరువాత, చలి మొదలైన పొద్దున. 'బొంబాయి, బొంబాయి' అంటూ అందరూ నవ్వుతున్నారు. అప్పుడే ఈ పిల్ల గొంగడి కప్పుకుని తలుపు దగ్గరికి వచ్చింది. లిఖిత ముక్కు మూసుకుని, "అగో, గొంగడి నడుసుకుంట వస్తుంది" అంది. నవ్వంతా అటు మళ్లింది. ఆ రోజు లిఖిత హాయిగా కూర్చుంది. తరువాత ఆ సంగతి మరిచిపోయింది. విన్నవాళ్లు మరిచిపోలేదు.

"నేను ఉత్తగనే అన్న," అంది చిన్నగా.

"సుశాంత్ గూడ ఉత్తగనే అంటుండు."

ఇల్లు వచ్చింది. లిఖిత గొంగడి లోంచి బయటికి వచ్చి, చూరు కింద నిలబడింది. కోపం ఇంకా ఉంది. ఎవరి మీద చూపాలో తెలియలేదు.

"రేపు నా సంగతి టీచర్‌కు చెప్తవా?"

"నేనెందుకు చెప్త? కంప్లైంట్ నీది గద." ఆ పిల్ల గొంగడి కొసను మళ్లీ నెత్తికి సర్దుకుంది. "పోతున్న."

బడిలో మొదటి రోజు బెంచీ మీద జరిగి చోటిచ్చింది ఈ పిల్లే. తన పేరు చెప్పిందీ ఈ పిల్లే. ఆ పేరు లిఖితకు గుర్తుంది. పిలుద్దామని నోరు తెరిచింది. సిగ్గు అడ్డుపడింది. నల్లటి గొంగడి వానలో చిన్నదవుతూ సందు మలుపు తిరిగింది.

మరునాడు వాన పలచబడింది, గాలి తగ్గలేదు. జాకెట్ ఇంట్లో తీగ మీద ఇంకా కారుతోంది. లిఖిత అమ్మ శాలువా చుట్టుకుని వచ్చింది. పక్కన గొంగడి మడత, ఆ పక్కన ఆ పిల్ల.

మరియ టీచర్ పుస్తకం తెరవలేదు. "పక్కోళ్లకు పేర్లు పెట్టి పిలిచినోళ్లు లేవుండ్రి," అంది. "ఎవరో నాకు తెలుసు. మీ అంతల మీరు లేస్తే మంచిగుంటది."

సుశాంత్ లేచాడు. నేల చూస్తూ ఒకరి తరువాత ఒకరు లేచారు. తరగతి సగానికి పైగా నిలబడింది.

లిఖిత ఊహించుకున్న దృశ్యం ఇదే. చూడాలనుకున్న ముఖం అదిగో, అక్కడే ఉంది. చూడబుద్ధి కాలేదు. పక్కనున్న పిల్ల పాఠం పేజీ తిప్పుతోంది. లిఖిత వైపు చూడనైనా లేదు.

ఆ పిల్ల ఒక్కసారి చూసి ఉంటే బాగుండేదనిపించింది.

లిఖిత లేచి నిలబడింది.

"నువ్వు కూర్చో లిఖితా," అంది టీచర్. "చెప్పింది నువ్వే గద."

"నేను గూడ పెట్టిన టీచర్."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సుశాంత్ తల తిప్పి చూశాడు.

"ఏమని?"

"గొంగడి అని. అందరికంటే ముందు నేనే అన్న."

"ఎవరిని?"

బయట రేకు ఒకసారి లేచి పడింది. పేజీ తిప్పుతున్న చేయి ఆగింది. లిఖిత గొంతు వణికింది. అది చలికి కాదు, ఈసారి కోపానికీ కాదు. పక్కకు తిరిగి, చివరి బెంచీ దాకా వినబడేలా పలికింది.

"నర్మదను."