ఏటిబీడు గేటు

పొద్దుగూకాక ఏటిబీడు గేటు దగ్గరికి ఒంటరిగా వెళ్ళొద్దని ఆ చుట్టుపక్కల పాలు తాగే పిల్లాడికీ తెలుసు. తప్పక వెళ్ళినా, తెరిచి ఉన్న ఆ గేటు మాత్రం మూయకూడదు. మూస్తే చీకట్లోంచి ఎవరో అంటారట —

"ఇంకా రాలేదు..."

ఎవరు రాలేదని అడగడానికి ఆగినవాడు లేడు.

నాలుగేళ్ళ కిందట వరదొచ్చిన రాత్రి, పశువుల కాపరి భార్య ఆ గేటు అవతలే పోయింది. బీడుకి ఒకవైపు ఏరు, మిగతా మూడువైపులా నిలువెత్తు ముళ్ళకంచె. గేటు మీదా ముళ్ళకంపే. గడియేమో ఇవతలి వైపు. తెల్లారి నీళ్ళు తీశాక చూస్తే, రెండు చేతులతో గేటు చెక్కల్ని పట్టుకునే ఉందామె. ఆ గడియ ఎవరు పెట్టారో... నేను కాదంటే నేను కాదన్నారందరూ.

ఊళ్ళో వడ్రంగికి ఇదంతా తెలియక కాదు. అతన్ని అందరూ 'కొలతలాయన' అనేవారు. పెళ్ళిచూపులకెళ్ళి, పిల్ల మొహం చూడకుండా వాళ్ళ గుమ్మం కొలిచొచ్చిన ఘనుడు. ఆరోజు ఏటి అవతల ఒకరింట్లో తలుపు బిగించేసరికి బాగా చీకటి పడింది. రోడ్డు మీద చుట్టూ తిరగాలంటే గంటన్నర. ఎండిపోయిన ఏరు దాటి బీడుకి అడ్డంపడితే పావుగంట.

"చుట్టూ తిరిగే రా" అని భార్య పొద్దున్నే చెప్పింది. "కాళ్ళు నొప్పెడితే నేను పడతా. దెయ్యం పడితే నావల్ల కాదు."

అయినా అడ్డంపడ్డాడు.

గాలి లేదు. గడ్డిలో తన అడుగుల చప్పుడు తనకే రెండింతలు వినిపిస్తోంది. గేటు బార్లా తెరిచి ఉంది. తలొంచుకుని గబగబా దాటేశాడు. పది అడుగులు వేశాడు... ఆగాడు.

వెనక బీడులో పశువులున్నాయి. గేటు తెరిచి వదిలేస్తే తెల్లారేసరికి ఎవరి చేనో నేలమట్టం. పాతికేళ్ళుగా గేట్లు బిగించిన చేతులు ఊరుకోలేదు. వెనక్కొచ్చాడు. కిందికి వాలిపోయిన గేటుని భుజంతో ఎత్తి నెట్టాడు. కిర్రుమంది. గడియ మీద చెయ్యి వేశాడు.

"వెయ్యకు..."

చెవి పక్కనే.

"ఇంకా రాలేదు..."

పరిగెత్తమని మనసు చెబుతోంది, కాళ్ళు వింటేగా! కంచె మొదట్లో నల్లటిదేదో మెల్లగా పైకి లేచింది. టార్చి వేశాడు. మొహం చూసే ధైర్యం లేక ముందు కాళ్ళు చూశాడు.

పాదాలు ముందుకే ఉన్నాయి. మనిషే!

గొంగళి కప్పుకున్న ముసలాయన... పశువుల కాపరి.

"బాబాయ్... నువ్వా?" అన్నాడు వడ్రంగి. "నాలుగేళ్ళుగా ఊరందర్నీ హడలగొడుతున్నది నువ్వా?"

ముసలాయన గేటుని మళ్ళీ తెరిచాడు. తెరిచి, అక్కడే కూలబడ్డాడు.

"గడియ పెట్టింది నేనేరా" అన్నాడు.

వడ్రంగి టార్చి ఆర్పేశాడు. ఆ మాట వెలుగులో వినదగ్గది కాదనిపించింది.

"కొడవలి మర్చిపోయానని మా ఇంటిది బీడులోకి వెనక్కెళ్ళింది. చెప్పే వెళ్ళింది, వానలో నాకు వినపళ్ళేదు. పశువుల్ని లెక్కపెట్టుకున్నా... సరిపోయాయి. గడియ పెట్టేశా. అది చెల్లెలింట్లో ఆగిందనుకుని పడుకున్నారా... నిద్ర కూడా పట్టింది నాకు."

వడ్రంగి లేచి, గేటు పక్కన కంచె మేర చీకట్లోనే అడుగులతో కొలిచాడు.

"గేటు ఎన్నాళ్ళని కాస్తావు బాబాయ్?" అన్నాడు చివరికి వడ్రంగి. "గడియ పెట్టినా మనిషి దాటేలా నేను చేస్తాగా."

ముసలాయన చెప్పింది అతను ఎవరికీ చెప్పలేదు, పెళ్ళానికి కూడా. మూడోనాడు పొద్దున్నే చెక్కలు మోసుకొచ్చాడు. గేటు పక్కన రెండు బారల మేర ముళ్ళు నడుమెత్తు దాకా నరికి, కంచెకి అటు మూడు మెట్లు, ఇటు మూడు మెట్లు కొట్టాడు. పశువు ఎక్కలేదు, మనిషి ఎక్కి దిగొచ్చు. ముసలాయన రోజంతా పక్కనే కూర్చుని, ఒక్కటే అడిగాడు.

"తడి కాళ్ళతో ఎక్కితే జారదు కదా?"

"జారదు బాబాయ్. గరుకుగానే వదిలాను."

ఆ సాయంత్రం ముసలాయన తన చేత్తోనే గడియ పెట్టి, ఇంటికెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారగానే మెట్లు గట్టిగా నిలిచాయో లేదో చూద్దామని వచ్చాడు వడ్రంగి.

కొత్త చెక్కల మీద బురద పాదాలు. చిన్నవి, ఆడమనిషివి. అటు మూడు మెట్లు ఎక్కి... ఇటు మూడు మెట్లు దిగాయి. తిరిగి వెళ్ళిన గుర్తే లేదు. చుట్టూ నేల ఎండి బీటలు వారి ఉంది. వానపడి రెండు నెలలైంది.

ఆ గుర్తుల వెంట నడిచాడు. దారి పొడుగునా తడి ఆరలేదు. కాపరి ఇంటి గుమ్మం దాకా వెళ్ళి ఆగాయవి.

తలుపు లోపల గడియపెట్టి ఉంది. కొట్టాడు. పలకలేదు. గట్టిగా బాదాడు.

తలుపు జానెడు తెరుచుకుంది. ముసలాయన తల దువ్వుకుని ఉన్నాడు. నాలుగేళ్ళుగా లేని తేట ఆ మొహంలో. పెదవుల మీద వేలు పెట్టుకుని గుసగుసగా అన్నాడు —

"మెల్లగారా... ఇప్పుడే పడుకుంది."